శమదమాలకు ముందు శ్రద్ధ

శమదమాది షట్కాన్ని వివరించే ప్రవచనాలు తరచుగా బాలశిక్షణ వైపు మరలుతాయి. నేటి పిల్లలకు ఇంద్రియనిగ్రహం లేదని, సెల్‌ఫోన్‌ను క్షణకాలమైనా విడువలేరని పెద్దలు వాపోతారు. దోషమంతా బాలునిలోనే ఉన్నదన్న ఈ నిర్ణయం పునర్విచారణీయం.

అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో 1960వ దశకం చివర వాల్టర్ మిషెల్ ఆరంభించిన పరీక్ష సుప్రసిద్ధం. శిశువు ఎదుట ఒక మిఠాయి ఉంచి, తినక వేచి ఉంటే రెండవదీ ఇస్తామంటారు. వేచినవాడు ధీరుడని లోకం తీర్పు చెప్పింది.

రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో సెలెస్ట్ కిడ్ బృందం 2013లో ప్రకటించిన అధ్యయనం ఈ తీర్పును సంశయాస్పదం చేసింది. మిఠాయి పరీక్షకు పూర్వమే 28 మంది శిశువులకు మేలైన చిత్రలేఖన సామగ్రి తెచ్చి ఇస్తామని మాట ఇచ్చారు. సగం మందికి తెచ్చి ఇచ్చారు. తక్కినవారి వద్దకు రిక్తహస్తాలతో తిరిగివచ్చి, లేవని చెప్పారు. అనంతరం మిఠాయి ఎదుట మొదటి వర్గం సగటున 12 నిమిషాలు వేచింది; రెండవ వర్గం 3 నిమిషాలు. 28 అల్పసంఖ్యయే. అయినా ఇంతటి అంతరం ఉపేక్షణీయం కాదు.

రెండవ వర్గపు శిశువులు ఇంద్రియలోలురు కారు. రాదని ఎరిగిన ఫలానికై నిరీక్షించడం దమం అనిపించుకోదు. తత్త్వబోధ గణనలో శ్రద్ధ ఐదవది; శైశవంలో మాత్రం అదే ప్రథమం. పెద్దల వాక్కుపై విశ్వాసం లేనిచోట నిగ్రహానికి ఆలంబనమే లేదు.

దీనిని దరిద్ర గృహాలపై నిందగా గ్రహించరాదు. కూలి దొరకని నాడు తల్లి మాట తప్పడం అనృతం కాదు, అశక్తత. భాగవత చతుర్థస్కంధంలోని సునీతి స్థితి అట్టిదే. సవతితల్లి సురుచి పరుషవాక్కులకు పరితపించి వచ్చిన ఐదేళ్ల ధ్రువునికి ఆమె సింహాసనం వాగ్దానం చేయలేదు. సురుచిపై ద్వేషమూ నూరిపోయలేదు. కన్నీటితోనే తన దైన్యాన్ని ఉన్నదున్నట్లు చెప్పి, శ్రీహరిని ఆశ్రయించమన్నది. మధువనంలో ధ్రువుని తపస్సుకు నారదోపదేశం కారణమని అందరూ స్మరిస్తారు. అంతకు పూర్వం ఆ బాలునితో అసత్యం పలుకని తల్లి ఒకతె ఉన్నదన్న సంగతి ప్రవచనాలలో అరుదుగా వినవస్తుంది.

సంధ్యావందన వేళ ఎన్నడూ తప్పని గృహస్థుడు 'ఇదిగో, ఐదు నిమిషాలలో వస్తాను' అని కుమారునితో చెప్పి గంటసేపు రాకపోవడం నేడు సర్వసాధారణం. ఆ గంటలో బాలుని చేతికి సెల్‌ఫోన్‌ను అందిస్తున్నదీ తరచుగా ఆయనే.