ఊరి నడిబొడ్డున సమావేశ మందిరం: భూమి ఎవరిది, భారం ఎవరిది?

చిన్న నగరాలలో సైతం ఊరి నడిబొడ్డున భారీ సమావేశ మందిరాలు నిర్మించాలన్న ఉత్సాహం ఇటీవలి సంవత్సరాలలో ప్రబలుతున్నది. కన్వెన్షన్ హాలు అనగానే మన వైపు పెళ్ళిపందిరి గుర్తుకు వచ్చినా, పాలకులు తలపోస్తున్నది అది కాదు. వేలాది ప్రతినిధులు కూర్చునే సభాస్థలి, ప్రదర్శనశాలలు, ప్రక్కనే నక్షత్రాల హోటలు. వీటి వెంట పెట్టుబడులు, ఉద్యోగాలు వాటంతటవే వచ్చిపడతాయన్నది వారి వాదన. ఇందులో ఉద్యోగుల పత్రికకు ప్రమేయమేమిటని కొందరు మిత్రులు అడుగవచ్చును. ఊరి నడుమ అంత విశాలమైన స్థలం ఎవరి చేతిలో ఉన్నదో ఒక్కసారి ఆలోచించవలసిందిగా వారిని కోరుతున్నాము. పెక్కు పట్టణాలలో అది రైల్వేల స్థలం. చిన్న పాటిదైనా విలువైన జాగా తపాలా శాఖకూ ఉన్నది.

రైల్వే స్థలాలను వాణిజ్య ప్రయోజనాలకు వినియోగించుటకై 2005 నాటి సవరణ చట్టం ద్వారా రైల్వే భూమి అభివృద్ధి సంస్థకు రూపకల్పన జరిగింది. 2023 ఆగస్టు 6న అమృత్ భారత్ పథకం క్రింద ఒకే రోజున 508 స్టేషన్ల పునరభివృద్ధికి శంకుస్థాపన చేశారు. వీటిలో ఆంధ్రప్రదేశ్‌వి 18, తెలంగాణవి 21. స్టేషనును ‘నగర కేంద్రం’గా తీర్చిదిద్దుతామని ప్రభుత్వమే ప్రకటించింది. ప్రతిచోటా సమావేశ మందిరం వెలుస్తుందని మేము అనడం లేదు. కాని వెలిసిన చోట లెక్క ఎట్లుంటుందో తెలుసుకొనుటకు గాంధీనగర్ ఉదాహరణ చాలును.

2011 జనాభా లెక్కల ప్రకారం సుమారు రెండు లక్షల మంది గల నగరమది. పెట్టుబడిదారుల సదస్సు కొరకు అక్కడ మహాత్మా మందిర్ అనే సమావేశ కేంద్రాన్ని నిర్మించి, 2011 జనవరిలో తొలిసారిగా సదస్సు జరిపారు. వచ్చే అతిథులకు బస చాలదన్నారు. దానితో రైల్వే స్టేషను మీదనే, పట్టాలకు పైన, 318 గదుల హోటలు లేచింది. రాష్ట్ర ప్రభుత్వానికి 74 శాతం, రైల్వే స్టేషన్ల అభివృద్ధి కార్పొరేషనుకు 26 శాతం వాటాలతో ఏర్పడిన సంస్థ దానిని నిర్మించగా, 2021 జూలై 16న ప్రారంభోత్సవం జరిగింది. మూడు నెలలు తిరగకముందో, తిరిగిన వెంటనేనో అనదగినంత వ్యవధిలో, అక్టోబరులో, ఆ కార్పొరేషనునే మూసివేయవలసిందిగా రైల్వే బోర్డు ఉత్తర్వు జారీ చేసింది!

ఇక సదస్సు సంగతి. అది రెండేళ్ళకొకసారి, కొద్ది రోజులపాటు జరిగే ఉత్సవం. 2019 జనవరి తరువాత కోవిడ్ మూలంగా 2021లో జరుగలేదు. 2022 జనవరిలో తలపెట్టినది వాయిదా పడింది. మరల జరిగినది 2024 జనవరిలో. నడుమ ఇతర కార్యక్రమాలు జరిగిన మాట నిజమే. అయినను ఏ సదస్సు పేరిట మందిరం, ఏ మందిరం పేరిట హోటలు కట్టారో, ఆ సదస్సు ఐదేళ్ళపాటు లేదు. రాజధాని నగరానికే, ప్రభుత్వం అండ ఉండగానే, ఇట్లు జరిగినప్పుడు ఏ అండా లేని జిల్లా పట్టణం గతి ఏమిటి?

ఈ మార్గంలో మనకంటె ముందు నడిచినది అమెరికా. టెక్సాస్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు హేవుడ్ శాండర్స్ 2005లో బ్రూకింగ్స్ సంస్థ కొరకు జరిపిన పరిశీలనలో, 1990 తరువాత అక్కడ సమావేశ కేంద్రాల ప్రదర్శన స్థలం 50 శాతానికి పైగా పెరిగినట్లును, 200 పెద్ద వాణిజ్య ప్రదర్శనలకు వచ్చేవారి సంఖ్య మాత్రం 1993 నాటి స్థాయిలోనే ఉన్నట్లును తేల్చాడు. వచ్చే సభలు అంతే. పోటీపడే మందిరాలు మాత్రం ఎక్కువ. అద్దె తగ్గించి పిలవడం, అదీ చాలక ప్రజాధనంతో ప్రక్కనే హోటలు కట్టడం అక్కడి నగరాలకు పరిపాటి అయినది. సోషలిస్టు దేశపు పత్రిక చెప్పిన మాట కాదిది, అమెరికన్ ఆచార్యుడే చెప్పినది.

మేము సమావేశ మందిరాలకు వ్యతిరేకులము కాము. ఊరికి మంచి సభాస్థలి అవసరమే. ఐతే ఖాళీగా ఉన్న రోజుల నష్టాన్ని ఎవరు భరిస్తారో ముందుగా వ్రాతపూర్వకంగా చెప్పాలి. పట్టణ ప్రణాళిక రాజ్యాంగం 12వ షెడ్యూలులో మొట్టమొదటి అంశం. కనుక నక్షా పురపాలక సంఘంలో చర్చకు రావాలి. 1989 రైల్వే చట్టం 11వ సెక్షను రైల్వే నిర్మాణాలకు విస్తృతాధికారాలిచ్చిన మాట వాస్తవం. అవి రైలుమార్గాల నిర్మాణం, నిర్వహణ కొరకే గాని విందుశాలల కొరకు కాదని మా దృఢాభిప్రాయం. ఉద్యోగాల విషయమూ అంతే. సభలున్న రోజున పిలిచి, లేని రోజున పొమ్మనే గుత్తేదారు కొలువును ఉపాధిగా లెక్కకట్టరాదు.

అన్నిటికంటె మనకు దగ్గరి విషయం మరొకటి. చాలా పట్టణాలలో రైల్వే ఇన్‌స్టిట్యూట్ ఉన్నది. సభ్యుల చందాతో, ఉద్యోగులు ఎన్నుకున్న కమిటీతో నడిచే హాలు అది. గ్యాంగ్‌మన్ కూతురి పెళ్ళి, పదవీ విరమణ సన్మానం, యూనియన్ మహాసభ, అన్నీ అక్కడే. 1974 మే సమ్మెకు కార్మికులను సమాయత్తం చేసిన సభలు చలువరాతి మందిరాలలో జరుగలేదు. షెడ్డు గేటు ముందు, కాలనీ మైదానంలో, ఇట్టి హాళ్ళలో జరిగాయి. కొత్త నక్షాలో ఆ హాలు, క్వార్టర్లు, స్టేషను ఆవరణలోని ఆర్.ఎం.ఎస్. కార్యాలయం ఎక్కడ ఉన్నవో వెదకి చూడాలి. ప్రత్యామ్నాయం కట్టి అప్పగించిన తరువాతనే పాతది కూల్చాలి. కొత్త మందిరంలో ఏటా నిర్ణీత రోజులు స్థానికులకు, ఉద్యోగ సంఘాలకు ఇన్‌స్టిట్యూట్ అద్దెకే లభించాలి.

పనులు ఆరంభమైన తరువాత అభ్యంతరం చెప్పడం కన్నా నక్షా దశలోనే అడగడం మేలు. కావున శాఖా కార్యదర్శులు తమ పట్టణపు పునరభివృద్ధి నక్షా ప్రతిని డివిజనల్ కార్యాలయం నుండి, అవసరమైన యెడల సమాచార హక్కు చట్టం క్రింద, పొంది, ఇన్‌స్టిట్యూట్, క్వార్టర్లు, ఆర్.ఎం.ఎస్. స్థలాల వివరాలతో కేంద్ర కార్యాలయానికి పంపగలరు. తపాలా, రైల్వే శాఖలు రెండూ ఉన్న ఊళ్ళలో ఉమ్మడిగా సంతకాలు చేసి పంపవలెను.