ఒడ్డుకు కొట్టుకొచ్చింది ఎవరిది?

శ్రీనగర్ కాలనీలో మా అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో ఓ రిటైర్డ్ హెడ్మాస్టారు ఉంటారు. ముప్పయ్యేళ్లు సోషల్ పాఠాలు చెప్పారు. మొన్నామధ్య భార్యాభర్తలిద్దరూ ఈజిప్టు వెళ్లొచ్చి, నన్ను కాఫీకి పిలిచి ఫొటోలు చూపించారు. అన్నీ అలెగ్జాండ్రియావే! మధ్యధరా సముద్రం ఒడ్డున పెద్ద కోట. ప్రపంచ వింతల్లో ఒకటైన దీపస్తంభం భూకంపాలకు కూలిపోతే, 15వ శతాబ్దంలో ఆ చోటే కట్టారట. ఇంకో ఫొటోలో రోమన్ల నాటి పాలరాతి మెట్ల రంగస్థలం. నేను కళ్లప్పగించి చూస్తుంటే మాస్టారు ఉన్నట్టుండి అడిగారు.

‘మీ అమ్మమ్మగారిది చీరాల దగ్గర కదమ్మా, మోటుపల్లి చూశావా?’

‘లేదండీ...’

‘సరిపోయింది! ఎక్కడో వెనిస్ నుంచి బయల్దేరిన మార్కోపోలో కూడా ఆ ఊరి గురించి రాశాడు. నువ్వేమో పక్కనే ఉండి చూడలేదు.’

ఆ మాట గుచ్చుకుంది. వీక్లీ ఆఫ్‌కి ఇంకో రోజు సెలవు కలిపి రైలెక్కేశా.

చీరాలలో దిగి వేటపాలెం మీదుగా వెళ్లాలి. ఒకప్పుడు ప్రకాశం జిల్లాలో ఉన్న ఈ ఊరు 2022లో బాపట్ల జిల్లాలో చేరింది. కూలిన కోటలూ, పాలరాతి మెట్లూ కనిపిస్తాయనుకుంటే మాత్రం నిరాశే. కాకతీయుల కాలంలో ఏనుగులూ గుర్రాలూ, కర్పూరం, ముత్యాలు, పట్టు, మిరియాలు చేతులు మారిన రేవుపట్నం ఇదేనంటే నమ్మబుద్ధి కాదు. 13వ శతాబ్దం చివర్లో చైనా నుంచి ఇంటికి తిరిగెళ్లిన మార్కోపోలో తన పుస్తకంలో ఈ ప్రాంతాన్ని ‘ముత్ఫిలి’ అన్నాడు. ఇక్కడి వజ్రాలను, సాలెగూడంత సన్నని బట్టలను మెచ్చుకున్నాడు. న్యాయంగా పాలించే రాణి ఉందన్నాడు. ఆవిడ మన రుద్రమదేవేనని చరిత్రకారుల మాట. కాకపోతే గణపతిదేవుడి కూతుర్ని పట్టుకుని రాజుగారి భార్య అనుకున్నాడు!

పట్నం పోయింది. కానీ ఒక మాట మిగిలింది. వీరభద్రస్వామి గుడిలో గణపతిదేవుడు 1244లో రాతిస్తంభం మీద చెక్కించిన అభయ శాసనం అది.

ఇంతకీ ఎవరికి అభయం? సముద్రం మీద ప్రాణాలు పణంగా పెట్టి వచ్చే వర్తకులకు. తుపానులో ఓడ పగిలి సరుకు ఒడ్డుకు కొట్టుకొస్తే, అంతకుముందు రాజులు దాన్ని బలవంతంగా లాగేసుకునేవారు. బంగారమైనా, రత్నాలైనా, ఏనుగులైనా సరే! మేం అలా చేయం, నిర్ణయించిన సుంకం తప్ప ఇంకేమీ ముట్టుకోం అని రాజు మాటిచ్చాడు. ఆ సుంకం ముప్పై వంతుల్లో ఒక వంతు. అంటే వందకు మూడు రూపాయల చిల్లర.

ఈ దోపిడీ మన దగ్గరే ఉండేదనుకోకండి. మధ్యధరా తీరంలోనూ ఇదే గొడవ. ఓడ మునిగి ఆపదలో ఉన్న క్రైస్తవులను దోచుకునేవాళ్లను వెలివేయాలని 1179లో రోమ్‌లో మతపెద్దలు సభ పెట్టి మరీ తీర్మానించాల్సి వచ్చింది. మన రాజు దయతో పాటు లెక్క కూడా చూసుకున్నాడు. భయం లేని రేవుకే కదా ఓడలు వస్తాయి! ఆయన తర్వాత రెడ్డిరాజు అనపోతారెడ్డి కూడా 1358లో ఇక్కడే వర్తకులకు మళ్లీ హామీలిస్తూ శాసనం వేయించాడు.

ఆ స్తంభం ముందు నిలబడ్డప్పుడు నాకు అమ్మమ్మగారింట్లో ఇత్తడి బిందె గుర్తొచ్చింది. 1977 నవంబరు ఉప్పెన తర్వాత తాతయ్యకు బురదలో దొరికిందట. అంచు మీద ఎవరిదో పేరు చెక్కి ఉంది. తాతయ్య దాన్ని సైకిలుకి కట్టుకుని చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగారు. మాదేనన్నవాళ్లు లేరు. ఆ మనిషి ఉన్నారో లేదో కూడా తెలియలేదు. అమ్మమ్మ ఆ బిందెలో ఏనాడూ నీళ్లు పట్టలేదు. ఏటా సంక్రాంతికి చింతపండు పెట్టి తోమి, మళ్లీ అటక మీద పెట్టేది. చిన్నప్పుడు ‘వాడుకోవచ్చుగా’ అంటే ఒకటే మాట... ‘మనది కాదుగా!’

తాతయ్యకు గణపతిదేవుడి శాసనం సంగతి తెలియదు. ఆ గుడికి వెళ్లారేమో కానీ, రాతి మీది అక్షరాలు చదివి ఉండరు. అయినా రాజు రాయించిన మాటే ఆయనా పాటించారు. అలెగ్జాండ్రియాలో రాళ్లు మిగిలాయి. మన దగ్గర ఇది మిగిలింది. తక్కువేం కాదు.

మీరూ వెళ్లాలనుకుంటే చలికాలం మంచిది. పొద్దున్నే గుడి చూసుకుని సముద్రం దాకా వెళ్లి రావొచ్చు. వచ్చేటప్పుడు వేటపాలెం జీడిపప్పు మర్చిపోకండి.

నేను తెచ్చిన పొట్లంలో సగం మాస్టారికిచ్చి, బిందె కథ చెప్పా. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అడిగారు. ‘ఆ బిందె ఇప్పుడు ఎవరి దగ్గరుందమ్మా?’

మా అమ్మ దగ్గరుంది. అటక మీదే. ఈ సంక్రాంతికి తోమడం నా వంతు.