ఫ్లాష్ కొట్టే ముందు చిప్ చూడండి

బీటెక్ థర్డ్ ఇయర్‌లో ఉండగా అమ్మ ఫోన్ లోగో దగ్గరే ఆగిపోయింది. "నేను బాగుచేస్తాలే అమ్మా" అన్నాను. వీడియో ఒకటి చూసి, అందులో చెప్పిన టూల్ డౌన్‌లోడ్ చేసి, ఫర్మ్‌వేర్ పెట్టి బటన్ నొక్కేశాను. ఫోన్ ఆన్ అయింది. కానీ సిగ్నల్ లేదు. *#06# కొడితే ఐఎంఈఐ కనిపించలేదు. ఫొటోలన్నీ పోయాయి. వాటిలో అమ్మమ్మ చివరి పండగ ఫొటోలు కూడా ఉన్నాయి. అమ్మ ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేది.

తప్పు టూల్‌ది కాదు, నాదే.

"ఏ ఫ్లాష్ టూల్ బెస్ట్ అన్నా?" అని ఇప్పుడు జూనియర్లు అడుగుతుంటారు. నిజానికి అక్కడ మన ఇష్టం పెద్దగా ఏమీ ఉండదు. ఫోన్ ఏ కంపెనీది, లోపల ఏ చిప్ ఉంది అన్నదాన్ని బట్టే టూల్.

సామ్‌సంగ్ అయితే విండోస్‌లో ఓడిన్. మీడియాటెక్ చిప్ అయితే ఎస్‌పీ ఫ్లాష్ టూల్. షావోమీకి మీ ఫ్లాష్, కాకపోతే ముందు బూట్‌లోడర్ అన్‌లాక్ అయి ఉండాలి. పిక్సెల్ వాళ్ల పని సుఖం. గూగుల్ ఇచ్చే ఆండ్రాయిడ్ ఫ్లాష్ టూల్ క్రోమ్ బ్రౌజర్‌లోనే నడుస్తుంది.

సరైన టూల్ దొరికినా అసలు గండం ఆప్షన్లలో ఉంటుంది. ఎస్‌పీ ఫ్లాష్ టూల్‌లో 'డౌన్‌లోడ్ ఓన్లీ' ఉంటుంది, 'ఫార్మాట్ ఆల్ ప్లస్ డౌన్‌లోడ్' ఉంటుంది. ఆ రోజు నేను నొక్కింది రెండోది. ఐఎంఈఐ ఉండే ఎన్‌వీర్యామ్‌ని కూడా అది తుడిచేస్తుంది. మొదటిదాంట్లోనూ యూజర్‌డేటా దగ్గర టిక్ ఉంటే ఫొటోలు పోతాయి. ఓడిన్‌లో సీఎస్‌సీ ఫైల్ పెడితే డేటా పోతుంది, హోమ్ సీఎస్‌సీ పెడితే మామూలుగా ఉంటుంది. మీ ఫ్లాష్‌లో కింద 'క్లీన్ ఆల్ అండ్ లాక్' ఉందేమో చూడండి. వేరే దేశం రామ్ ఎక్కించి లాక్ చేస్తే ఫోన్ ఇటుకే.

ఇంకో రెండు మాటలు. ఫర్మ్‌వేర్ మీ మోడల్ నంబర్‌కి అక్షరం పొల్లుపోకుండా సరిపోవాలి. ఫోన్‌లో ఉన్నదానికన్నా పాత వెర్షన్ ఎక్కించబోతే యాంటీ రోల్‌బ్యాక్ అడ్డుపడొచ్చు, కొన్ని మోడళ్లలో ఫోన్ చచ్చిపోవచ్చు కూడా. టెలిగ్రామ్‌లో దొరికే 'క్రాక్డ్' టూల్స్ జోలికి వెళ్లకండి. ఫోన్ సంగతి దేవుడెరుగు, ల్యాప్‌టాప్‌లోకి వైరస్ వస్తుంది.

ఫోన్ ఆన్ అవుతుంటే ముందు ఫొటోలు కాపీ చేసుకోండి. ఆన్ కాకపోతే, లోపల ముఖ్యమైనవి ఉంటే, ఫ్లాష్ ఆలోచన పక్కనపెట్టి ముందు డేటా బయటికి వస్తుందేమో తెలిసినవాళ్లని అడగండి.

బిల్లు చూపిస్తే సర్వీస్ సెంటర్‌లో అమ్మ ఫోన్‌కి ఐఎంఈఐ మళ్లీ ఎక్కించారు. అమ్మమ్మ ఫొటో మాత్రం పిన్ని వాట్సాప్‌లో ఒక్కటే దొరికింది, అదీ కొంచెం మసగ్గా. అమ్మ ఇప్పటికీ దాన్నే వాల్‌పేపర్‌గా పెట్టుకుంది.