ఫ్రెంచి వరుసలో లావో భోజనము

మెకాంగ్, నామ్ ఖాన్ నదులు కలియుచోట లువాంగ్ ప్రబాంగ్ అను పట్టణమున్నది. 1893లో ఫ్రెంచివారి యేలుబడిలోనికి పోయి 1953లో సంపూర్ణ స్వాతంత్ర్యము పొందిన లావోస్ దేశమునకు అది రాచనగరముగా నుండెను. 1995లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినది. నేడు అచ్చటి ఖరీదైన భోజనశాలలలో ఫ్రెంచి వంటకములు, లావో వంటకములు ఒకే పట్టికలో కనిపించును. రెండు నాగరకతలు ఒక బల్లవద్ద సఖ్యముగా కూర్చున్నవని యాత్రికుడు మురియును. ఆ సఖ్యములో ఒకరి మాటయే చెల్లుచున్నదని నాకు తోచుచున్నది.

ఆ పెత్తనము వంటలో కాదు, వడ్డనలో నున్నది. ఫ్రెంచి పద్ధతిలో ఒక పదార్థము ముగిసిన పిమ్మట మరియొకటి వచ్చును. ఎవరి పళ్లెము వారిది. లావో ఇంటనో, పులుసు, ఆకుకూరలు, జేవ్ అను కారపు పచ్చడి, అన్నియు ఒక్కసారే వచ్చి నడుమ నుండును. ప్రక్కనే వెదురుబుట్టలో జిగురన్నము. ఆ బియ్యమును రాత్రి నానవేసి, గరాటువంటి వెదురుబుట్టలో ఆవిరిపై ఉడికింతురు. అమైలోజ్ అను పిండిపదార్థము దానిలో ఇంచుమించు లేనందున మెతుకులు ఒకదానినొకటి పట్టుకొనును. చిన్న ఉండ చేసి, పచ్చడిలో అద్ది, దానితోనే కూర నందుకొనవలెను. అన్నమే వారి చెంచా!

ఇట్టి భోజనమును ముక్కలు చేసి వరుసలో నిలిపినచో ఏమగును? తరిగిన మాంసములో నిమ్మరసము, పుదీన, వేపి దంచిన బియ్యపుపొడి కలిపిన లాప్ ముందుగా ఒంటరిగా వచ్చును. దాని కారమును మోయవలసిన అన్నము తరువాతనెప్పుడో వచ్చును. వలసపాలన యనగా మన పాఠములలో పన్నులు, సైన్యములు, రైలుమార్గములు. ఏది ముందు తినవలెనో నిర్ణయించుటయు పాలనయే గదా!

ఒకే గిన్నెలో నలుగురు అద్దుకొనుట చూచి, ఎంగిలి పట్టింపుతో పెరిగిన తెలుగువాడు జంకవచ్చును. అది సహజమే. కాని ఆ ఉండ ఒక్క కబళమంతే.

పాడేక్ సంగతి వేరు. అది పులియబెట్టిన చేప, వాసన ఘాటు. విదేశీయులకు గిట్టదని దానిని తగ్గించి వండుట మర్యాద యనిపించుకొనుచున్నది. లువాంగ్ ప్రబాంగ్ రాజమందిరమున వంటలు నడపిన ఫియా సింగ్ 1967లో మరణించెను. అతడు వ్రాసియుంచిన వంటల పుస్తకములు యువరాజు మూలమున బ్రిటిషు రాయబారి అలన్ డేవిడ్సన్‌కు చేరి, 1981లో ఆంగ్లానువాదముతో అచ్చయినవి. రాజు భోజనమునకు వ్రాసిన ఆ పాకములలో పాడేక్ ఉన్నది. రాజునకు తగినది యాత్రికునకు తగదా?

ఆ భోజనశాలలకు పోవలదని నేననను. ఫ్రెంచివంట తినదలచినవారు దాని వరుసలోనే తినవచ్చును. లావోవంట కోరినప్పుడు మాత్రము అన్నియు ఒక్కసారే తెమ్మని, అన్నపుబుట్ట ముందుగా పెట్టుమని అడుగవలెను. ముళ్లచెంచా ప్రక్కన నుంచినచో, ఉండ చేయుటెట్లో వడ్డించువారే చూపుదురు. భోజనము ముగిసినంతనే బుట్టకు మూత పెట్టవలెను. తెరచి విడుచుట అశుభమని వారి నమ్మకము.