సాగే దారాన్ని తిట్టకండి

తెనాలి, బాపట్ల, రేపల్లెల నుంచి సరదాగా గాలం పట్టుకుని సముద్రం మీదికి పోయే కుర్రాళ్ళ మధ్య ఇప్పుడు ఒకటే మాట. తంగూసు కాలం చెల్లిందట, అల్లిక దారమే కొనాలట, అదీ పెట్టె మీద పౌండ్ల అంకె ఎంత పెద్దదైతే అంత మంచిదట. ఫోనులో చూసిన వీడియో సగం, దుకాణంలో విన్న సలహా సగం కలిసి ఇది శాస్త్రమై కూర్చుంది. లంగరేసిన పడవ నుంచి నిట్టనిలువుగా లోతుకు గాలం దించేవాడికి ఇందులో కొంత నిజముంది. నడిచే పడవ వెనక ఎర ఈడ్చే ట్రాలింగుకు మాత్రం ఇది తప్పుడు సలహా. నేను మాట్లాడుతున్నది వల ఈడ్చే బోట్ల ట్రాలింగు గురించి కాదు, గాలం గురించి. నిజాంపట్నం, సూర్యలంక నీళ్ళలోనైతే ఆ సలహా రెండింతలు తప్పు.

ముందు ఈ వేటలో ఏం జరుగుతుందో చూడాలి. ఒడ్డున కూర్చున్నవాడు చేప ఎర అందుకోగానే కర్ర ఎగదీసి కొక్కెం గుచ్చుతాడు. ట్రాలింగులో ఆ పని పడవ చేస్తుంది. ఆరు నాట్ల వేగమంటే గంటకు సుమారు 11 కిలోమీటర్లు, సెకనుకు మూడు మీటర్లు. వంజరం చేప అంతకన్నా వేగంగా వచ్చి ఎరను కొరికి పక్కకు మళ్ళుతుంది. చేప ఒకవైపు, పడవ ఇంకోవైపు. ఇంజను తగ్గించేలోపు ఆ కుదుపు మోయాల్సింది దారమే.

నైలాన్ తంగూసు తెగే ముందు తన పొడవులో ఐదో వంతు దాకా సాగుతుంది. యాభై మీటర్ల దారం నీళ్ళలో ఉండి, అందులో పదో వంతే సాగినా ఐదు మీటర్లు వస్తుంది. ఆ వేగం మీద అది ఒకటిన్నర సెకను గడువు. ఈలోగా రీలు డ్రాగ్, అంటే లాగుడు మించితే దారాన్ని వదిలే బ్రేకు, తిరగడం మొదలవుతుంది, చేతిగాలమైతే మనిషి పట్టు సడలిస్తాడు. అల్లిక దారం సాగేది నూటికి మూడు నాలుగు వంతులే, యాభై మీటర్లకు రెండు మీటర్లు మించదు. కుదుపంతా ముడి మీద, కొక్కెం మీద, చివరికి చేప నోటి మీద పడుతుంది. వంజరం నోరు మెత్తన. చిరిగి కొక్కెం ఊడివస్తుంది. "దారం చాల్లేదు, ఇంకా గట్టిది కొనాలి" అంటాడు కుర్రాడు. తెగింది దారం కాదే! జబ్బు ఒకటి, వేసుకున్న మందు ఇంకొకటి.

అల్లిక దారం బలమైనది కాదని నేననను. అది 1970ల చివర నెదర్లాండ్స్‌లో డీఎస్ఎం కంపెనీ పరిశోధకులు సాధించిన పాలిథిలీన్ పోగు. తూటాలను ఆపే చొక్కాల్లోకి, ఓడలు కట్టే మోకుల్లోకి వెళ్ళింది. తూటానే ఆపేది చేపను ఆపదా అని వాదిస్తారు. తూటాను ఆ క్షణానే ఆపాలి. చేపను అలా ఆపకూడదు, పరుగెత్తించి అలవనివ్వాలి. బెదిరిన కోడెదూడకు పలుపు కాస్త వదిలి పట్టేవాడికి ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

ఇక పౌండ్ల పిచ్చి. 50 పౌండ్లంటే 22.7 కిలోలు. డ్రాగ్‌ను దారం బలంలో నాలుగో వంతుకూ మూడో వంతుకూ మధ్య బిగించడం అందరూ ఎరిగిన లెక్క, అంటే ఆరేడు కిలోలు. ఊగే ఫైబర్ పడవలో నిలబడి అంతకుమించిన లాగుడు ఎక్కువసేపు తట్టుకోవడం మామూలు మనిషికి కష్టం. 100 పౌండ్ల దారం చుట్టి డ్రాగ్ ఆరు కిలోల మీదే పెట్టేవాడు మిగతా బలాన్ని రీలులో దాచుకున్నట్టే. దారం బలం చేప బరువంత ఉండాలనే నమ్మకమే దీని మూలం. 1953 ఆగస్టు 4న పెరూలోని కాబో బ్లాంకో దగ్గర ఆల్ఫ్రెడ్ గ్లాసెల్ 1,560 పౌండ్ల నల్ల మార్లిన్‌ను గాలంతో పట్టాడు. గాలపు వేట రికార్డులు నమోదుచేసే అంతర్జాతీయ సంస్థ ఐజీఎఫ్ఏ ఒప్పుకునే అతి బలమైన దారం తరగతేమో 130 పౌండ్లే. మార్లిన్‌కే ఆ లెక్క సరిపోయినప్పుడు మన వంజరానికి 100 పౌండ్లు దేనికి?

వంజరం దారాన్ని కొరికేస్తుంది కాబట్టి గట్టి అల్లిక కావాలన్నది ఇంకో వాదన. ఆ పళ్ళ ముందు తంగూసైనా అల్లికైనా ఒకటే. కొరుకుడుకు మందు కొక్కెం దగ్గర జానెడు రెండు జానల స్టీలు తీగ, దాని పైన దారం మెలిపడకుండా తిరిగే ఒక స్వివెల్. ఆ పని పెద్ద దారానిది కాదు.

నీళ్ళలో కనబడదని ఫ్లోరోకార్బన్ దారం కొనేవాళ్ళూ ఉన్నారు. దాని వక్రీభవన సూచిక 1.42, నీటిది 1.33, నైలాన్‌ది 1.53 దాకా. కాబట్టి తేడా ఉన్నమాట నిజమే. కానీ వరద నెలల్లో కృష్ణ ఒండ్రుతో మసకబారే నీళ్ళలో దారాన్ని దాచడానికి డబ్బు పోయడం ఏం తెలివి? తేటనీరు దొరికే దాకా పోయారే అనుకుందాం, ఎర ముందు స్టీలు తీగ మెరుస్తూనే ఉంటుంది కదా!

అల్లిక దారానికి దక్కాల్సింది దక్కనిద్దాం. సన్నగా ఉంటుంది కనుక నీటి ఒరిపిడి తక్కువ, మునిగే ఎర మరింత లోతుకు పోతుంది. అడుగున చేప తాకిన చిన్న కదలిక కూడా చేతికి తెలుస్తుంది. లోతు కావాల్సిన చోట అదే మేలు. కానీ మన తీరాన సముద్రం చాలా దూరం దాకా లోతు తక్కువ, వంజరం వేటాడేది పైనీళ్ళలో. పెనుమూడి దిగువన పాయల్లో పండుగప్ప కోసం మెల్లగా ఎర ఈడ్చేటప్పుడు మడచెట్ల వేర్లకు, వాటి మీది ఆల్చిప్పలకు దారం రాసుకుంటుంది. ఆ ఒరిపిడికి సన్నపు పోగుల అల్లిక ముందు చీకిపోతుంది. వలకు పోతూ దారిలో ఒక చేతిగాలం వెనక వదిలేవాళ్ళకైతే అల్లిక ఏకంగా వేళ్ళనే కోస్తుంది.

తంగూసుకు లోపాలున్నాయి. నీరు పీల్చి కొంత బలం తగ్గుతుంది, ఎండకు పెళుసవుతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధంలో ఎండలో పడేసిన చుట్టనే జూన్ 15న మళ్ళీ నీళ్ళలో వేస్తే అది తెగుతుంది. ఆ తప్పు వేటగాడిది. తంగూసు చవక, ఏటా మార్చుకోవచ్చు. ఖరీదైన అల్లిక కొన్నవాడికి డబ్బు గుర్తొచ్చి, పోగులు లేచినా మార్చబుద్ధి కాదు.

కాబట్టి వంజరానికి 50 పౌండ్ల నైలాన్, అంటే 0.7 మిల్లీమీటర్ల దరిదాపు లావుది, చాలు. మిగిలిన డబ్బుతో మంచి తీగ, గట్టి స్వివెల్, పదునైన కొక్కేలు కొనండి. చేప చేజారితే పౌండ్లు పెంచే ముందు డ్రాగ్ ఎంత బిగించారో తూచి చూడండి. తప్పు ఎక్కువసార్లు అక్కడే దొరుకుతుంది, దాన్ని దిద్దడానికి పైసా ఖర్చు లేదు. దుకాణాల్లో ఎవరూ ఆ సలహా చెప్పకపోవడానికి కారణం కూడా బహుశా అదే.