మడికొండలో మనకో కుర్చీ

2020 జనవరి 7న మన మడికొండ ఐటీ పార్కులో టెక్ మహీంద్రా, సైయెంట్ కేంద్రాలు ప్రారంభమయ్యాయి. కొలువు కోసం హైదరాబాద్ బస్సెక్కే బాధ కొంతైనా తప్పుతుందని ఆశపడ్డాం. మార్చిలో కరోనా లాక్‌డౌన్ వచ్చింది. ఆఫీసులు ఇళ్లలోకి చేరాయి. అప్పటి నుంచి 'ఇంటి నుంచే పని' గొప్ప వెసులుబాటుగా చెలామణి అవుతోంది.

ఎవరి ఇంటి నుంచి? హాస్టల్‌లో చదివిన మనలో ఎందరి ఇళ్లలో వేరే గది ఉంది? కరెంటు పోతే నెట్ పోయే ఊళ్లో ఆ వెసులుబాటు శిక్షే.

ఏ రోజు ఎందరు వస్తారు, ఎన్ని కుర్చీలు వేయాలి, ఇంట్లో పనిచేసేవారికి నెట్, ఇన్వర్టర్ ఎవరివ్వాలి? ఈ మూడింటినీ కంపెనీలు ఒకే లెక్కగా వేయాలి. అద్దె మిగులుతుందని కుర్చీలు మాత్రమే తగ్గిస్తే ఆ భారం మన ఇళ్లమీదే పడుతుంది.

మిత్రులారా! ఉద్యోగంలో చేరేముందు జీతంతోపాటు ఇదీ అడగండి: "నేను కోరిన రోజు ఆఫీసులో నాకో కుర్చీ ఉంటుందా?"