ఫిసల్‌బండ దూరదర్శినియు బ్లేజార్లును

హైదరాబాదు పాతబస్తీలో సంతోష్‌నగర్‌కు చేరువనే ఫిసల్‌బండ అను పేట కలదు. నవాబు జఫర్‌జంగ్ ఇంగ్లండు నుండి 15 అంగుళముల దూరదర్శినిని తెప్పించి, 1901వ సంవత్సరమున అచటి తన యెస్టేటులో వేధశాలను నెలకొల్పెను. ఆయన మరణానంతరము 1908లో నిజాం ప్రభుత్వము దానిని స్వీకరించెను. పిమ్మట అది బేగంపేటకు తరలినది. ఆ నిజామియా వేధశాలలో ఏండ్ల తరబడి జరిగిన పని, ఫొటో పలకలపై లక్షల కొలది నక్షత్రముల స్థానములను కొలిచి పట్టికలు కట్టుట.

నేడు ఫిసల్‌బండలో నిలిచి తలయెత్తినచో, వీథిదీపముల వెలుగున కానవచ్చు చుక్కలను లెక్కింప చేతివ్రేళ్లే చాలును. ఆకాశమును చదువు పని మాత్రము ఆగలేదు. అది భూమిని వీడి పైకెక్కినది. ఎక్స్ కిరణములను వాయుమండలము మ్రింగివేయును. ఇది ప్రాణులకు మేలు, ఖగోళజ్ఞులకు అడ్డు. అందుచే టాటా పరిశోధన సంస్థవారు హైదరాబాదు నుండియే పెద్ద బెలూనులకు పరికరములు కట్టి పంపిరి. ఆపై శ్రీహరికోట నుండి 2015 సెప్టెంబరు 28న ఆస్ట్రోశాట్, 2024 జనవరి 1న ఎక్స్‌పోశాట్ ఎగసినవి.

ఆస్ట్రోశాట్ గమనించిన వానిలో బ్లేజార్లును కలవు. కొన్ని గెలాక్సీల నడుమ, సూర్యునికి కోట్లరెట్లు బరువుగల కృష్ణబిలముండును. దానిలో పడబోవు పదార్థమున కొంత, ఇంచుమించు కాంతివేగముతో, రెండు దిక్కులకు సన్నని ధారలుగా చిమ్మబడును. ఒక ధార సూటిగా మనవైపు తిరిగియున్నచో అది బ్లేజార్. టార్చిలైటును ప్రక్కనుండి చూచుటకును, ముఖమున కెదురుగా వేసినప్పుడు చూచుటకును ఎంత భేదమో ఇదియు నంతే. 1929లో హాఫ్‌మైస్టర్ అను జర్మను ఖగోళజ్ఞుడు బీఎల్ లాసెర్టేను వెలుగు మారు నక్షత్రమని పట్టిక కెక్కించెను. రేడియో పరిశీలనల వలన 1968లో గాని అది సామాన్య నక్షత్రము కాదని తేలలేదు.

ధారలోని కణముల కంతటి శక్తి యెట్లు కలుగును? 2021 డిసెంబరులో అమెరికా, ఇటలీ దేశములు పంపిన ఐఎక్స్‌పీఈ యను ఉపగ్రహము, 40 కోట్ల కాంతి సంవత్సరములకు మించిన దూరముననున్న మార్కేరియన్ 501 అను బ్లేజార్‌ను పరిశీలించెను. కాంతి తరంగముల కంపనము ఒకే దిక్కున కొరిగియుండుట ధ్రువణము. ఎక్స్ కిరణములలో ఆ గుణము కంటికి కనబడు కాంతిలో కంటె రెండింతలుండెనని 2022లో వెల్లడియైనది. కణములు ధారలోని యొక అఘాతతరంగమున శక్తిని పొంది, మొదట ఎక్స్ కిరణములను, దూరము పోయి అలసిన కొలది సాధారణ కాంతిని వెలువరించుననుట కిది బలమైన సాక్ష్యము. నేలమీది దూరదర్శినులు రెండవ కొలతను అందింపకున్నచో ఈ పోలికయే లేదు.

ఇంత దూరపు సంగతి మనకేల, ఆ ధనముతో బావులు త్రవ్వరాదా యని యడుగువారు కలరు. ఆ ప్రశ్న త్రోసివేయదగినది కాదు. రేపెప్పుడో ఒక యంత్రము పుట్టునని చెప్పి వారి నోరు మూయించుటయు సరికాదు. ధనము ఇదివరకే వ్యయమైనది. ఆస్ట్రోశాట్ సేకరించిన సమాచారము, నియమితకాలము గడచిన పిమ్మట, ఎల్లరకును ఉచితముగా లభించును. నవాబుగారి దూరదర్శిని యెస్టేటు గోడల నడుమ నుండెను. నేటి సంతోష్‌నగర్ కళాశాల విద్యార్థియో, కంప్యూటరు ముందు కూర్చుండి ఒక బ్లేజార్ వెలుగు హెచ్చుతగ్గులను గీయవచ్చును. ఆ సమాచారము చదువువారు లేక పడియుండుటయే నిజమైన దుర్వ్యయము.

పాఠశాలలలో గ్రహముల పేర్లు వల్లె వేయించుట కలదు గాని, అంకెల పట్టిక నిచ్చి, అందు నిజమైన మార్పెంత, పరికరపు పొరపాటెంత యని యడుగుట అరుదు. ఈ నేర్పునకు ఉపగ్రహ మక్కరలేదు. గళ్ళకాగితము, పెన్సిలు, నెలదినములు ప్రతిసాయము వ్రాసికొన్న సూర్యాస్తమయ వేళలు చాలును.